విత్తనానికి ఉన్న పరీక్ష ప్రోగ్రాముకు వద్దా?

పరీక్ష అన్న మాట వింటేనే మన విద్యార్థి లోకానికి గుండె దడ. సెమిస్టరు పరీక్షలు, ఇంటర్నల్సు, ప్రాక్టికల్సు, వైవా — ఏడాది పొడుగునా ఎవరో ఒకరు మనల్ని పరీక్షిస్తూనే ఉంటారు. ఇంతగా విద్యార్థిని పరీక్షించే ఈ విద్యావిధానం, అదే విద్యార్థి రాసిన కంప్యూటరు ప్రోగ్రామును మాత్రం ఒక్కసారైనా సరిగా పరీక్షించకుండానే రికార్డు పుస్తకంలో అంటించి సంతకం పెట్టి పంపించేస్తున్నది! తెరమీద ఒకసారి జవాబు కనపడితే చాలు, ప్రోగ్రాము పాసయినట్టే. ఇది నాకు పెద్ద విడ్డూరంగా తోస్తున్నది. ఆ విడ్డూరం గురించి నాలుగు మాటలు ఈ సావనీరు పుటల్లో సోదర విద్యార్థులతోను, గురువులతోను పంచుకోవాలని నా కోరిక.

నేను రైతు బిడ్డను. మాది నల్లగొండ జిల్లా. కొంత వరి, కొంత బత్తాయి తోట. మా ఇంట్లో ఎవ్వరూ కంప్యూటరు చదువుకోలేదు కాని, పరీక్షించకుండా దేన్నీ నమ్మగూడదన్న సంగతి మాత్రం నేను పుస్తకాల్లో కంటే ముందు మా ఇంట్లోనే నేర్చుకున్నాను. వానాకాలం ముందు మా నాయన వడ్ల విత్తనం తెస్తే, బస్తా మీద ఎంత మంచి బొమ్మ ఉన్నా సరే, నూరు గింజలు లెక్కబెట్టి తడి గోనెగుడ్డలో చుట్టి ఓ మూలన పెడతాడు. రోజులు గడిచాక విప్పి ఎన్ని మొలిచాయో లెక్కిస్తాడు. వరి విత్తనం నూటికి ఎనభై మొలవాలని ప్రభుత్వ ధ్రువీకరణ ప్రమాణం చెబుతుంది. విత్తనాల చట్టం 1966లోనే వచ్చింది. చట్టం ఉంది గదా అని మా నాయన గోనెగుడ్డ పరీక్ష మానలేదు. ఎందుకంటే విత్తనం మొలవకపోతే నష్టం చట్టానికి రాదు, మడికి వస్తుంది. నూరు గింజలు పోతాయి, పోనీ. ఆ నూరు గింజలు ఒక పంటకాలాన్ని కాపాడతాయి.

ఇప్పుడు మనం ఉన్న చోటికి వద్దాం. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషను మెట్లు దిగేలోపే చేతిలో మూడు నాలుగు కరపత్రాలు పడతాయి. పైథాను, ఫుల్ స్టాకు, డేటా సైన్సు — ఏది కావాలంటే అది. సాయిబాబా గుడి మొదలు చైతన్యపురి దాకా, అటు ఎల్బీనగర్ దాకా, బోర్డులే బోర్డులు. అమీర్‌పేట తరువాత కంప్యూటరు చదువుకు నగరంలో ఇదొక పెద్ద అంగడి. పల్లెల నుంచి వచ్చి హాస్టలు గదుల్లో ముగ్గురు నలుగురు సర్దుకుని, కాలేజీ అయిపోయాక సాయంత్రం ఈ క్లాసులకు పోయే మిత్రులు మన కళాశాలలో ఎందరో ఉన్నారు. నేనూ అందులో ఒకణ్ణే. ఆ చదువును నేను హేళన చేయను. కాలేజీలో అందనిది అక్కడ అందుతున్నది కాబట్టే పోతున్నాం.

కాని ఒక సంగతి గమనించండి. ఆ కరపత్రాల్లో ప్రోగ్రాములు రాయడం ఒక కోర్సు, ‘టెస్టింగ్ టూల్స్’ వేరే కోర్సు. ఫీజు వేరు, బ్యాచి వేరు, ఉద్యోగం కూడా వేరట. రాసేవాడు రాస్తాడు, పరీక్షించేవాడు తరువాత వచ్చి పరీక్షిస్తాడు! పెద్ద కంపెనీల్లో పరీక్షలకు ప్రత్యేక నిపుణులు ఉండటం అవసరమే. వారిని నేను తక్కువ చేయడం లేదు. అంతమాత్రాన రాసేవాడికి పరీక్షతో సంబంధం లేదనుకోవడం ఏం న్యాయం? విత్తేవాడు వేరు, మొలక కట్టి చూసేవాడు వేరు అని మా ఊళ్లో చెబితే నవ్వుతారు.

ఇక అసలు విషయం. మనలో చాలామంది ప్రాజెక్టులకు ఫ్లాస్కు అనే చిన్న చట్రాన్ని వాడుతున్నారు. ఆస్ట్రియాకు చెందిన ఆర్మిన్ రోనాకర్ దీన్ని 2010లో తెచ్చాడు. ఏప్రిల్ ఫూల్ వేళాకోళంగా మొదలైన ఆలోచన చివరికి లోకమంతా వాడే పనిముట్టయింది. అయిదారు పంక్తులు రాస్తే చాలు, బ్రౌజరులో ఒక పుట ప్రత్యక్షమౌతుంది. ఏ చిరునామా అడిగితే ఏ ఫంక్షను జవాబు చెప్పాలో కలిపి పెట్టడం, పుటను అచ్చువేసినట్టు తయారుచేయడం — ఇంతవరకే అది చూసుకుంటుంది. డేటాబేసు ఏది వాడాలో, ఫైళ్లు ఎట్లా అమర్చుకోవాలో మన ఇష్టం. బరువు తక్కువ గనుక నేర్చుకోవడం తేలిక. అయితే చట్రం ఎంత తక్కువ పని చేస్తే మన మీద అంత ఎక్కువ బాధ్యత పడుతుంది. పెద్ద ట్రాక్టరుకు కంపెనీవాడు అన్నీ బిగించి ఇస్తాడు. నాగలికి కర్రు మనమే చూసుకోవాలి.

యూనిట్ టెస్టింగు అంటే బ్రహ్మవిద్య ఏమీ కాదు. ప్రోగ్రాములోని ఒక్కొక్క చిన్న భాగానికి, ‘ఇది ఇస్తే అది రావాలి’ అని ముందే తెలిసిన జవాబుతో మరో చిన్న ప్రోగ్రాము రాసి పెట్టుకోవడం. కెంట్ బెక్ అనే అమెరికన్ స్మాల్‌టాక్ భాషకు ఇటువంటి సాధనం చేశాడు. 1997లో ఆయనా, ఎరిక్ గామా కలిసి జూరిచ్ నుంచి అట్లాంటాకు విమానంలో పోతూ జావాకు జేయూనిట్‌ను రాశారు. ఆ దారిలోనే పైథానుకు కూడా యూనిట్‌టెస్ట్ వచ్చింది. 2001 నుంచి అది పైథానుతోపాటే ఉచితంగా దొరుకుతున్నది. నేడు ఎక్కువమంది వాడే పైటెస్ట్ ఇంకా సులువు. కొనవలసింది ఏదీ లేదు. కావలసింది అలవాటు ఒక్కటే.

ఉదాహరణకు బత్తాయి పట్టీనే తీసుకుందాం. కొత్తపేట దగ్గర గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు ఉన్నన్నాళ్లు మా జిల్లా బత్తాయి లారీలు అక్కడికి వచ్చేవి. ఇప్పుడా మార్కెట్టు బాటసింగారానికి తరలిపోయింది. ఎక్కడయినా పట్టీ లెక్క ఒకటే: తూకాన్ని ధరతో హెచ్చవేయాలి, కమీషను తీసెయ్యాలి, హమాలీ తీసెయ్యాలి, మిగిలింది రైతు చేతికి. 1,240 కిలోలు, టన్నుకు 22,000 రూపాయలు అనుకుందాం. మొత్తం 27,280. కమీషను నూటికి నాలుగనుకుంటే 1,091 రూపాయల 20 పైసలు. హమాలీ 186. రైతుకు రావలసింది 26,002 రూపాయల 80 పైసలు. ఈ జవాబును మనం కాగితం మీద చేసి, ప్రోగ్రాము కూడా అదే చెబుతున్నదా అని అడిగే రెండు పంక్తులే మొదటి టెస్టు.

ఇది పాసయిందని సంబరపడితే పని కాలేదు. తూకం సున్నా అయితే? పొరపాటున మైనస్ గుర్తు పడితే? కమీషను పోను హమాలీకి సరిపడా సొమ్మే మిగలకపోతే? గుమస్తా తన అలవాటు ప్రకారం 1,240 అని కామా పెట్టి రాస్తే? ఈ చివరిది తమాషా అయిన ప్రశ్న. కామా ఉన్న అంకెను పైథాను సంఖ్యగా ఒప్పుకోదు, దోషం చూపి ఆగిపోతుంది. దాన్ని మనం పట్టించుకోకపోతే ఫ్లాస్కు ‘500’ అనే జవాబిస్తుంది — అంటే తప్పు సర్వరుది అని అర్థం. నిజానికి చెప్పవలసింది ‘400’ — నువ్వు పంపిన అంకె సరిగా లేదు, మళ్లీ పంపు అని. మరో వింత: తెలుగు అంకెల్లో ౧౨ అని రాస్తే మాత్రం పైథాను సుబ్బరంగా పన్నెండు అని చదువుకుంటుంది! ఇటువంటివి ఊహించి చెప్పడం కుదరదు, పరీక్షించి చూడవలసిందే.

ఇంకా చిత్రం పైసల లెక్క. పైథానులో 0.1కి 0.2 కలిపితే 0.3 రాదు, 0.30000000000000004 వస్తుంది. యంత్రం రెండంకెల పద్ధతిలో లెక్కిస్తుంది గనుక మన దశాంశాలు కొన్ని దానికి పూర్తిగా పట్టవు. అట్లాగే సగం రూపాయి వచ్చినప్పుడు సవరించమంటే 3.5ను 4 చేస్తుంది కాని, 2.5ను 3 చెయ్యదు, 2 చేస్తుంది. దగ్గరి సరిసంఖ్యకు పోవడం దాని నియమం. బడిలో మనం నేర్చుకున్న నియమం వేరు. పట్టీలు వందలయితే ఆ అర్ధరూపాయలు ఎవరి జేబులోకి పోయినట్టు? డబ్బును పైసల్లో పూర్ణసంఖ్యలుగా దాచుకోవడమో, డెసిమల్ అనే సాధనాన్ని వాడి నియమాన్ని మనమే చెప్పడమో చేయాలి. చేశామని రుజువుగా టెస్టు ఉండాలి.

మరి ఫ్లాస్కు పుటలను ఎట్లా పరీక్షించాలి? చాలామంది ప్రతిసారీ సర్వరు నడిపి, బ్రౌజరు తెరిచి, ఫారం నింపి, బటను నొక్కి చూస్తుంటారు. ఒకసారి బాగుంటుంది. నలభయ్యోసారి ఎవడు నొక్కుతాడు? దానికే ఫ్లాస్కులో టెస్ట్ క్లయింటు అనేది ఉన్నది. బ్రౌజరు లేకుండా, సర్వరు నడపకుండా, మన ప్రోగ్రాముకే నేరుగా ఒక అభ్యర్థన పంపి, వచ్చిన జవాబు 200 అవునా, లేని పట్టీ నంబరు అడిగితే 404 అంటున్నదా, లాగిన్ కానివాణ్ణి లోపలికి రానిస్తున్నదా అని క్షణంలో చూడవచ్చు. ఇక్కడ రెండు జాగ్రత్తలు మాత్రం ఉన్నాయి. ఒకటి, అప్లికేషనును ఒక ఫంక్షను లోపల తయారుచేసుకుంటే, టెస్టుల కోసం వేరే ఖాళీ డేటాబేసు ఇచ్చి కొత్తదాన్ని పుట్టించవచ్చు. లేకుంటే పరీక్ష పేరుతో అసలు లెక్కల్లోనే చెత్త పడుతుంది. రెండు, పట్టీ లెక్కను పుటకు సంబంధించిన ఫంక్షనులో ఇరికించకుండా విడిగా రాసుకోవాలి. అప్పుడు ఆ లెక్కను ఫ్లాస్కు ప్రసక్తే లేకుండా పరీక్షించవచ్చు. పరీక్షించడానికి వీలుగా రాసిన ప్రోగ్రాము చదవడానికీ వీలుగా ఉంటుందని నా అనుభవం.

‘ఇంత చిన్న ప్రాజెక్టుకు ఇదంతా అవసరమా? టైం వేస్టు’ అంటారు మిత్రులు. సమాధానంగా మా ఇంటి ముచ్చట ఒకటి చెబుతాను. కొన్నేళ్ల క్రితం ఒక కమీషను దుకాణంలో మా నాయనకు ఇచ్చిన పట్టీలో హమాలీ రెండుసార్లు కోతపడింది. మా నాయన పట్టీ వెనక పెన్నుతో లెక్క చేసి చూపించాడు. గుమస్తా ఏమన్నాడనుకున్నారు? ‘కంప్యూటర్ తీసిన లెక్క పెద్దమనిషీ, తప్పెట్లయితది?’ అన్నాడు. సొమ్ము చిన్నదే. దుకాణం పేరు ఇక్కడ అనవసరం. ఇంటికొచ్చి మా నాయన నన్నడిగాడు: ‘అరేయ్, మనిషి తప్పు చేస్తే మనిషినడుగుతం. గా డబ్బా తప్పు చేస్తే ఎవల్నడగాలె?’

ఆ ప్రశ్నకు జవాబు ఆ డబ్బాలో లేదు. ప్రోగ్రాము రాసినవాడి దగ్గర ఉంది. వాడు రేపు మనమే.

చిన్న ప్రాజెక్టు సంగతి సరే, పెద్ద ప్రాజెక్టు సంగతి మన రాష్ట్రమే చూసింది. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియెట్ ఫలితాలు వచ్చాయి. తొమ్మిది లక్షలకు పైగా విద్యార్థులు. పరీక్ష రాసినవారు రాయలేదని మెమోల్లో వచ్చింది. మార్కులు గల్లంతయ్యాయి. ప్రభుత్వం వేసిన త్రిసభ్య కమిటీ కొత్త సాఫ్ట్‌వేరులోను, పర్యవేక్షణలోను లోపాలున్నాయని తేల్చింది. ఫెయిలయినవారి పత్రాలన్నీ ఉచితంగా తిరిగి పరిశీలిస్తే వెయ్యిమందికి పైగా పాసయ్యారు. ఆ రోజుల్లో ఇరవైమంది దాకా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ప్రతి మరణానికీ ఒక ప్రోగ్రామే కారణమని నేననను, అనగూడదు కూడా. కాని ఒక్క మాట ఆలోచించండి. తెలుగులో 99 మార్కులు వచ్చిన అమ్మాయికి సున్నా వేశారు. అది కంప్యూటరు తప్పు కాదు, పత్రం దిద్దినవారు గడులు నింపడంలో చేసిన పొరపాటు. అయినా తక్కిన పేపర్లలో మంచి మార్కులున్న విద్యార్థికి ఒకదాంట్లో సున్నా వస్తే, ‘ఆగండి, ఇది మనిషి చూడాలి’ అని ప్రోగ్రాము అడగగూడదా? అటువంటి షరతు రాయడం మనబోటి విద్యార్థికి కూడా చేతనవును. ఆ షరతు పని చేస్తున్నదా లేదా అని చూసే టెస్టు మరో నాలుగు పంక్తులు. మనలో ఎంతమంది తమ్ముళ్లు, అక్కలు ఆ ఏడాది ఆ ఫలితాల కోసం కూచున్నారో గుర్తుచేసుకుంటే, టైం వేస్టు అనే మాట నోట రాదు.

ఇది మన దేశపు జాడ్యం మాత్రమే అనుకోవద్దు. 1996 జూన్ 4న ఐరోపావారి ఏరియాన్ 5 రాకెట్టు ఎగిరిన నలభై సెకన్ల లోపే దారి తప్పి ముక్కలయింది. పాత ఏరియాన్ 4లో చక్కగా పనిచేసిన ప్రోగ్రామునే అందులో పెట్టారు. కొత్త రాకెట్టు వేగానికి ఒక సంఖ్య మరీ పెద్దదై, దానికి కేటాయించిన పదహారు బిట్ల చోటులో పట్టలేదు. కొత్త రాకెట్టు ప్రయాణపు లెక్కలతో ఆ భాగాన్ని ముందే పరీక్షించి ఉంటే దొరికేదని విచారణ సంఘం చెప్పింది. పాత పొలంలో బాగా పండిన విత్తనమని కొత్త పొలంలో చూడకుండా చల్లినట్టు!

టెస్టులు రాస్తే అంతా శుభమని నేను బుకాయించను. డైక్‌స్ట్రా అనే డచ్చి శాస్త్రజ్ఞుడు ఏనాడో హెచ్చరించాడు — పరీక్ష వల్ల తప్పు ఉందని తెలియవచ్చు కాని, తప్పే లేదని రుజువు కాదని. నూరు గింజల్లో తొంభై మొలిచినా తరువాత వాన పడకపోతే పంట ఎండుతుంది. అంతకంటే ముఖ్యమైన పరిమితి ఇంకొకటున్నది. నియమమే అన్యాయమైనదయితే టెస్టు దాన్ని పట్టుకోలేదు. తరుగు పేరుతో రైతు తూకంలో కోత వేయాలని షరతు రాసి ఇస్తే, మన ప్రోగ్రాము ఆ కోతను పైసాతో సహా సరిగా వేస్తుంది. టెస్టులన్నీ పచ్చగా పాసవుతాయి. అయితే టెస్టు రాసేవాడు ఆ నియమాన్ని మాటల్లో రాయక తప్పదు. రాసినప్పుడు అది బయటపడుతుంది. బయటపడినదాన్ని ప్రశ్నించవచ్చు. ప్రోగ్రాము పొట్టలో దాగిన నియమాన్ని ఎవరు ప్రశ్నించగలరు?

ఇంకొక వాదన ఈమధ్య వినబడుతున్నది. ‘ఇప్పుడు ప్రోగ్రామును కృత్రిమ మేధే రాసి ఇస్తున్నది గదా, మనకెందుకీ శ్రమ?’ అని. నా మటుకు నేను దీన్ని తలకిందులుగా చూస్తాను. మనం రాసినదాంట్లో కనీసం ఎందుకు రాశామో మనకు తెలుసు. యంత్రం రాసి ఇచ్చినదాన్ని ఎరువు తెచ్చుకున్నట్టే. ఇతరుల దగ్గర తెచ్చిన విత్తనాన్నే గదా మొలక కట్టి చూడవలసింది! టెస్టులు కూడా అదే రాసిస్తుందంటారా? రాయనివ్వండి. కాని ‘ఇది ఇస్తే ఏది రావాలి’ అనేది మనం తేల్చాలి. బత్తాయి పట్టీలో రైతుకు ఎంత రావాలో రైతుకు తెలుసు, రైతు బిడ్డకు తెలుసు. అందుకే పల్లె నుంచి వచ్చిన విద్యార్థికి ఈ పనిలో ఎవరికీ లేని బలం ఉందని నా విశ్వాసం.

చివరగా కొన్ని మనవులు. అధ్యాపకవర్యులకు: ప్రాజెక్టుకు ఇచ్చే మార్కుల్లో కొన్నింటిని టెస్టులకు కేటాయించండి. వైవాలో ‘ఏ భాషలో రాశావు’ అన్నదానితోపాటు ‘ఏది ఇస్తే నీ ప్రోగ్రాము చెడుతుందో చూశావా’ అని కూడా అడగండి. లాబులో ఒకరి ప్రోగ్రాముకు మరొకరి చేత టెస్టులు రాయించండి. స్నేహమూ పెరుగుతుంది, జ్ఞానమూ పెరుగుతుంది. విద్యార్థి సంఘానికి: ఫెస్టులో ఇరవై నాలుగు గంటల హాకథాన్ పెడుతున్నాం, సంతోషం. ఎవరు ముందు కట్టారన్న పోటీతోపాటు, ఎవరి కట్టడం నిలిచిందన్న పోటీ కూడా ఒకటి పెడదాం. పెద్ద ఉద్యోగాల్లో ఉన్న పూర్వ విద్యార్థులకు: ఏడాదికి ఒక్క శనివారం మన కళాశాలకు వచ్చి మీ కంపెనీల్లో టెస్టులు ఎట్లా రాస్తారో చూపించండి. సన్మానాలకు శాలువా కంటే మాకు అది విలువైన కానుక.

మిత్రులారా, రేపో మాపో మనలో కొందరం హైటెక్ సిటీ వైపు మెట్రోలో వేలాడుతూ పోతాం. మరికొందరం ప్రభుత్వ కార్యాలయాల్లో చేరుతాం. రేషను, పింఛను, ఆస్పత్రి చీటీ, భూమి రికార్డు — ఏదో ఒకదానికి మన చేతిరాత తగలక మానదు. ఆ తెర ముందు నిలబడేవాడు చదువురాని ముసలివాడు కావచ్చు. ‘కంప్యూటర్ చెప్పింది’ అని మన మాట నమ్మి మారుమాటాడక వెనుదిరిగి పోవచ్చు. అతను లెక్క సరిచూసుకోలేడు గనుకనే ముందుగా మనం సరిచూడాలి. ఈ సెలవుల్లో మీ పాత ప్రాజెక్టు ఒకటి బయటికి తీయండి. అన్నింటికంటే ముఖ్యమైన ఒక్క ఫంక్షనుకు మూడు టెస్టులు రాయండి: సరైన అంకెతో ఒకటి, సున్నాతో ఒకటి, కామా పెట్టిన అంకెతో ఒకటి. ఏది పడిపోయిందో వచ్చే టర్ములో నాకు చెప్పండి. లాబు వరండాలో చాయ్ తాగుతూ మాట్లాడుకుందాం.